గుజ్జు ఫ్రీజరులో టీకాలు

చల్లగా ఉంచడం వేరు, గడ్డకట్టించడం వేరు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే దేవుడు నన్ను ఏఎన్ఎం ఉద్యోగంలో పెట్టాడేమో అని రిటైరయ్యాక ఒక్కోసారి అనిపిస్తుంది. సర్వీసంతా చెప్పాను. మీటింగుల్లో చెప్పాను, అంగన్‌వాడీల్లో చెప్పాను, ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పాను. అందరూ తల ఊపారు. ఊపి, ఇంటికి వెళ్ళి, గడ్డకట్టించారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళకు వీరగాథ కావాలి. నా దగ్గర ఉన్నది విసుగు గాథ. అదే రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్ళందరూ మంచివాళ్ళే. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాళ్ళ మీద కోపం వస్తుంది, తిట్టేస్తాం, తీరిపోతుంది. మంచివాళ్ళ మీద వచ్చే విసుగుకు మందు లేదు.

నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారే ఇంటి అరుగు మీద చదువు చెప్పారు. ఏ పాఠమైనా "ఎందుకో చెప్పు" అనేవారు. చెప్పలేకపోతే ఆ పూట పుస్తకం అక్కడే ఆగిపోయేది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను, ఆ తర్వాత ట్రైనింగు. ఆ "ఎందుకు" అనే అలవాటు వల్ల పై అధికారుల దగ్గర నాకు మంచి పేరేమీ రాలేదు. అయినా ఆయన పెట్టిన భిక్షే కదా అని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆసుపత్రి నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. చుట్టూ మామిడి తోటలు. కాయ దించే రోజుల్లో ఊరు ఊరంతా తోటల్లోనే ఉంటుంది. టీకాలు వేసే బుధవారాలు నేను కూడా పెట్టె భుజాన వేసుకుని చెట్ల కిందే తిరిగేదాన్ని, పిల్లలు అక్కడే దొరుకుతారు కనుక.

ఆ ఏడు నా దగ్గర నమోదైన గర్భిణుల్లో ఒక అమ్మాయి ఉంది. తొలిచూలు. అత్తవారు తోటలు కౌలుకు తీసుకుని కాయ అమ్ముకునే రైతులు. రక్త పరీక్షలో ఆ అమ్మాయికి హెపటైటిస్ బి ఉందని తేలింది. చూస్తే మనిషి నిక్షేపంలా ఉంది. కళ్ళు పచ్చబడలేదు, ఆకలి తగ్గలేదు. ఆ వైరస్ తీరే అంత. కాలేయంలో చప్పుడు చేయకుండా కాపురం పెడుతుంది.

పక్కకు పిలిచి చెప్పాను. అమ్మాయి ఏడవలేదు. కాసేపు చెప్పుల వైపు చూసి, "మా ఆయనకు చెప్తానండి. మా అత్తకు మాత్రం చెప్పకండి" అంది.

"ఎందుకమ్మా?"

"కామెర్ల జబ్బంటే కంచం వేరు పెడతారండి. నీళ్ళ గ్లాసు వేరు పెడతారు. మా పిన్నికి అలాగే చేశారు."

"కంచానికి అంటుకునేది కాదమ్మా ఇది. రక్తంలో పోతుంది, కాపురంలో పోతుంది, కాన్పులో బిడ్డకు పోతుంది. అన్నం దగ్గర పోదు. మీ అత్తకు నేను విడమరిచి చెప్తాను."

"మీరు చెప్పేసి వెళ్ళిపోతారండి. నేను అక్కడే ఉండాలి కదా."

చెప్పనని మాట ఇచ్చాను. ఇవ్వకపోయినా, రోగి గుట్టు రోగిదే. అది మా ఉద్యోగ ధర్మం. భర్తకు పరీక్ష చేయించాం, అతనికి లేదు. టీకాలు వేశాం. కాన్పు విజయవాడ పెద్దాసుపత్రిలో అని ఖాయం చేశాం.

ఎందుకంత జాగ్రత్తంటే, పెద్దవాళ్ళకు ఈ వైరస్ సోకితే చాలామందికి కొన్నాళ్ళకు దానంతటదే పోతుంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకితే మాత్రం పోవడం చాలా అరుదు. బిడ్డతోపాటు పెరుగుతుంది. ఎప్పుడో ఆ బిడ్డకు పెళ్ళయి, పిల్లలు పుట్టాక, కాలేయం గట్టిపడిందనో, క్యాన్సరనో బయటపడుతుంది. దానికి అడ్డం ఒకటే. పుట్టిన రోజు దాటకుండా మొదటి టీకా పడాలి. అందితే దాంతోపాటు, వైరస్‌ను అప్పటికప్పుడు పట్టుకునే ఇంకో ఇంజక్షను కూడా ఇవ్వాలి. అది పెద్దాసుపత్రుల్లోనే దొరుకుతుంది. టీకా మాత్రం మా దగ్గర ఉంటుంది.

ఉండాలి.

కాన్పుకు ఇంకా వారం ఉందనగా గాలివాన వచ్చింది. మా వైపు వేసవిలో వచ్చే గాలివాన సంగతి తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చెట్టు మీద కాయ సగం నేల మీద ఉంటుంది. స్తంభాలు పడ్డాయి, నూజివీడు రోడ్డు మీద పెద్ద పెద్ద చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. మా డాక్టరు గారు మీటింగుకని విజయవాడ వెళ్ళి అక్కడే చిక్కుకున్నారు. నేను అవతలి ఊరి సబ్‌సెంటర్లో చిక్కుకున్నాను. ఆసుపత్రిలో మిగిలింది కాన్పులు చేసే స్టాఫ్‌నర్సు, మా సూపర్‌వైజరు గారు.

సూపర్‌వైజరు గారు పనిమంతుడు, నిద్రాహారాలు మానైనా ప్రభుత్వ సొమ్ము కాపాడే మనిషి. కరెంటు పోయినా టీకాల ఫ్రిజ్ మూత తీయకపోతే చాలాసేపు చల్లగానే ఉంటుంది. చల్లదనం ఉందో లేదోనని ఆయన మూత తీసి చూశాడు. చూసినప్పుడు కొంత పోయింది. పోయిందేమోనని మళ్ళీ చూశాడు. మర్నాటికి చల్లదనమంతా ఆయన చూపులకే అయిపోయింది. జనరేటరు ఉంది, అందులో డీజిల్ లేదు.

అప్పుడు ఊరి చివర గుజ్జు ఫ్యాక్టరీ షావుకారు గారు ఆదుకున్నారు. మామిడి గుజ్జు తీసి గడ్డకట్టించి అమ్మే చిన్న ఫ్యాక్టరీ అది. అక్కడ జనరేటరు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. "పిల్లల మందులు పాడవుతుంటే చూస్తూ ఊరుకుంటామా? మా ఫ్రీజర్లో పెట్టండి సార్" అన్నారట. సూపర్‌వైజరు గారు చేతులెత్తి దణ్ణం పెట్టి, టీకాలన్నీ మోయించి, గుజ్జు డబ్బాల మధ్య పెట్టించి, ఫొటో కూడా తీయించుకున్నారు.

ఆ మర్నాడు పొద్దున దారి కాస్త తెరుచుకోగానే నేను ఆసుపత్రికి వచ్చాను. వరండాలో ఆ అమ్మాయి అత్తగారు చంకలో ప్లాస్కుతో కనిపించింది.

"వచ్చావా నర్సమ్మా? ఈ గాలివానలో విజయవాడ ఎక్కడ పోతాం! తెల్లారుతుండగా ఇక్కడే కాన్పయింది. ఆడపిల్ల. దొండపండులా ఉంది."

లోపలికి వెళ్ళి చూశాను. తల్లీ పిల్లా కులాసాగా ఉన్నారు. ఆ అమ్మాయి నన్ను చూసి ఒక్క మాటే అడిగింది, అదీ పెదవులతోనే. "వేశారా?"

వేయలేదు. ఫ్యాక్టరీ నుంచి ఇంకా తేలేదు. ఇంతలో సూపర్‌వైజరు గారు, షావుకారు గారు ఇద్దరూ స్కూటీ మీద పెట్టె పట్టుకుని, పెళ్ళికి కావిడి తెచ్చినంత సంబరంగా దిగారు.

"సిస్టర్, ఒక్క సీసా కూడా పోలేదు. హండ్రెడ్ పర్సెంట్ సేఫ్! గ్రూపులో ఫొటో కూడా పెడతాను, సిగ్నల్ రాగానే" అన్నారు సూపర్‌వైజరు గారు.

పెట్టె తెరిచాను. అడుగున సీసాలు రాళ్ళలా ఉన్నాయి. వాటి పక్కన, ఆప్యాయంగా, ఒక గుజ్జు డబ్బా కూడా పెట్టారు, నాకోసమట.

"సార్, ఇవి గడ్డకట్టాయి."

"కరుగుతాయి కదండీ!"

"కరిగినా పనికిరావు సార్. పోలియో చుక్కలకు, తట్టు టీకాకు గడ్డకడితే ఏమీ కాదు. హెపటైటిస్ టీకా గడ్డకడితే పోయినట్టే."

షావుకారు గారి మనసు నొచ్చుకుంది. "అక్కయ్య గారూ, అదేంటండీ! గుజ్జు ఏడాదైనా చెక్కుచెదరదు నా ఫ్రీజర్లో. ఢిల్లీ వాళ్ళు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. నాలుగు చుక్కల మందు పాడవుతుందా?"

"గుజ్జు వేరండీ, ఇది వేరు."

"సరే, అడుగువి కట్టాయనుకోండి. పైవి చూడండి, నీళ్ళలా ఉన్నాయి. అవి అసలు కట్టనే లేదు. అవి వేసెయ్యండి."

అవి కట్టి కరిగాయో, అసలు కట్టలేదో కంటితో చూస్తే తెలియదు. తెలుసుకునే దారి ఒకటుంది. గడ్డకట్టిందని ఖాయంగా తెలిసిన సీసాను కరగనిచ్చి, అనుమానం ఉన్న సీసాను పక్కన పెట్టి, రెండూ బాగా ఊపి, బల్ల మీద నిలబెట్టి చూడాలి. మంచిదైతే పలచటి మజ్జిగలా మసకగానే ఉంటుంది. గడ్డకట్టి చెడిపోయినదైతే తెల్లటి తుంపులు కిందికి దిగి, పైన తేట నీళ్ళు తేలతాయి. ఎండలో పెట్టకుండా, తొందరపడకుండా చేయాల్సిన పని. నా చుట్టూ తొందరపడని మనిషి ఒక్కడు లేడు.

వరండా బల్ల మీద రెండు సీసాలు పెట్టి కూర్చున్నాను. చుట్టూ జనం. అత్తగారు ప్లాస్కు పక్కన పెట్టి బల్లకు ఆనుకుని నిలబడింది. ఆసుపత్రికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన, "పైది మంచిదే అంటాను" అని పక్కవాడికి చెప్పాడు. ఆ పక్కవాడు "అడుగుదే మంచిది, బాగా చల్లబడింది కదా" అన్నాడు. షావుకారు గారు మధ్యలో వేలు పెట్టి సీసా కదిపారు. మళ్ళీ మొదటి నుంచి ఊపాను. ఆగిరిపల్లి శోభనాచల స్వామిని తలుచుకున్నాను. స్వామీ, నువ్వు స్తంభం బద్దలు కొట్టుకుని వచ్చావు, ఎంత కోపం వస్తే వచ్చావో నాకు ఇప్పుడు అర్థమవుతోంది అనుకున్నాను.

రెండు సీసాల్లోనూ తెల్లటి మడ్డి దిగింది. రెండింటి పైనా తేట నీళ్ళు.

"పనికిరావు. ఈ రకం సీసాలన్నీ పారబోయడమే" అన్నాను.

నిజం చెప్పాను. దాని ఫలితం ఏమిటో సాయంత్రం గానీ తెలియలేదు.

అప్పటికి నా తొందర వేరు. కొత్త సీసా ఎక్కడుంది? నూజివీడు దారి మూసుకుపోయింది. విస్సన్నపేట ఆసుపత్రిలో జనరేటరు నడుస్తోందని పాలవ్యాను వాడు చెప్పాడు. మా జీపు డ్రైవరు ఊళ్ళో లేడు. షావుకారు గారు స్కూటీ తాళం తీసి, "ఎక్కండి అక్కయ్య గారూ" అన్నారు.

ఆ ప్రయాణం నాకు ఈనాటికీ ఒళ్ళునొప్పులతో సహా గుర్తుంది. ఆయన నిండైన విగ్రహం. వెనక నాకు మిగిలింది జానెడు చోటు, ఒళ్ళో ఖాళీ టీకాల పెట్టె. రోడ్డంతా రాలిన కాయ. చక్రం కింద బంగినపల్లి పడినప్పుడల్లా బండి జర్రున జారేది. రెండువైపులా ఆడవాళ్ళు గోతాలు పట్టుకుని కాయ ఏరుతున్నారు. బండి జారినప్పుడల్లా ఆగి, కిందపడి చితికిన కాయను చూసి షావుకారు గారు నిట్టూర్చేవారు. నేను పుట్టిన బిడ్డను తలుచుకుని నిట్టూర్చేదాన్ని. ఇద్దరి నిట్టూర్పులూ ఒకటే అని ఆయన అనుకున్నారు.

"అది కాదు అక్కయ్య గారూ, నాకు అర్థంకానిదల్లా ఒకటే. ఒకే పెట్టెలో పెట్టాం. పోలియో మందు బాగుందంటారు, ఇది పోయిందంటారు. రెండూ వైరస్ మందులే కదా?"

"వైరస్ అంటే ఏంటనుకున్నారు?"

"పురుగు. కంటికి కనపడని పురుగు."

"పురుగు కాదండీ. పురుగైతే తింటుంది, పెరుగుతుంది. ఇది తినదు, పెరగదు, ఊపిరి కూడా పీల్చదు. మామిడికాయలో గుజ్జంతా తీసేసి తొక్క, టెంక మిగిల్చారనుకోండి, అదీ వైరస్. లోపల టెంకలో తన విత్తు. పైన దాన్ని కాపాడే తొక్క. అంతే."

"గుజ్జు లేదా?" అన్నారాయన, అదేదో దాని పెద్ద లోపమన్నట్టు.

"లేదు. కొన్నిటికి ఆ తొక్క మీద ఇంకో పల్చటి కొవ్వు పొర ఉంటుంది. సబ్బుతో కడుక్కుంటే కరిగేది ఆ పొరే. కొన్నిటికి ఆ పొర ఉండదు. లోపల విత్తులో కూడా రెండు రకాలు, డీఎన్ఏ ఒకటి, ఆర్ఎన్ఏ ఒకటి. దాన్నిబట్టే డాక్టర్లు జాతులు విడదీస్తారు. తట్టుది ఆర్ఎన్ఏ, పొర ఉంది. పోలియోది ఆర్ఎన్ఏ, పొర లేదు. ఈ కాలేయం దానిది డీఎన్ఏ, పొర ఉంది."

"మామిడిలో రసాలు, కలెక్టరు, బంగినపల్లి అన్నట్టు."

"అన్నట్టే."

"మరి గుజ్జే లేనిది ఎలా బతుకుతుందండీ?"

"బతకదు. మన ఒంట్లో కణాలుంటాయి కదా, వాటిలోకి దూరుతుంది. కౌలుకు వచ్చినవాడిలాగ. తనకంటూ చెట్టు లేదు, నీళ్ళు లేవు, కూలీలు లేరు. మన కణంలో మన కూలీల చేతే, మన సరుకుతోనే, తనలాంటివి వేలకు వేలు చేయించుకుంటుంది. అవి బయటికొచ్చి పక్క కణాల్లో దూరతాయి."

"కౌలు కడుతుందా?"

"కట్టదు."

"దొంగ సచ్చినోడు!" అన్నారు షావుకారు గారు మనస్ఫూర్తిగా. వైరస్ మీద అంత సొంత పగ నేను ఏ డాక్టరులోనూ చూడలేదు.

ఎదురుగా లారీ రావడంతో బండి పక్కకు దించారు. లారీ పోయాక మళ్ళీ అందుకున్నారు. "సరే, టీకా సంగతి?"

"పోలియో చుక్కల్లో, తట్టు టీకాలో బతికున్న వైరసే ఉంటుంది, కాకపోతే కోరలు పీకేసినది. దానికి ఎంత చలైనా ఫరవాలేదు, వేడి తగిలితేనే చస్తుంది. మీ ఫ్రీజర్లో అవి హాయిగా నిద్రపోయాయి. హెపటైటిస్ టీకాలో వైరస్ లేదు. బతికినదీ లేదు, చచ్చినదీ లేదు. ఒట్టి పై తొక్క ముక్క మాత్రమే ఉంటుంది. విత్తు లేని తొక్క. దాన్ని చూపించి ఒంటికి ఆనవాలు నేర్పిస్తారు. అసలుది వచ్చినప్పుడు ఒళ్ళు గుర్తుపట్టి పట్టుకుంటుంది."

"దొంగ సరుకు లేబులు చూపించి, ఆ సరుకు పట్టుకోమన్నట్టు."

"అంతే. ఆ తొక్క ముక్కలు ఊరికే నీళ్ళలో తేలుతుంటే ఒళ్ళు పట్టించుకోదు. అందుకని ఒక తెల్లటి పొడికి అంటించి ఉంచుతారు. గడ్డకడితే ఆ పొడి ఉండలు కడుతుంది. అంటించింది ఊడుతుంది. ఇక దాన్ని పొడిచినా, నీళ్ళు పొడిచినా ఒకటే."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అది నాకు దొరికిన మొదటి ప్రశాంతత. విస్సన్నపేట పొలిమేరలో అన్నారు, "అంటే నేను సగం మేలు చేశాను."

"సగం మేలు చేశారు."

"ఆ సగం గురించి సూపర్‌వైజరు గారితో ఒక మాట చెప్పండి. మొహం చూపించుకోలేక చస్తున్నాను."

విస్సన్నపేట ఆసుపత్రిలో సీసాలున్నాయి. అక్కడి ఫార్మసిస్టు మారు మాట్లాడకుండా ఇచ్చాడు, ఆయనకు ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు. ఇచ్చి, ఫ్రీజర్లోంచి ఐస్ ప్యాకులు తీసి పెట్టెలో గబగబా సర్దేయబోయాడు. ఆపాను. ఆ ప్యాకులు అలాగే పెడితే దారిలో ఈ సీసాలూ గడ్డకడతాయి. ప్యాకులు బల్ల మీద పెట్టి, చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినపడే దాకా ఆగాలి.

"ఇంకా ఆగాలా?" అన్నారు షావుకారు గారు.

"ఆగాలి."

"పొద్దు వాలుతోంది అక్కయ్య గారూ."

"నాకూ కళ్ళున్నాయండీ."

ఆ ఆగడం ఉంది చూశారూ, అమ్మాయిలూ, ఉద్యోగం మొత్తంలో నేను చేసిన కష్టమైన పని అదే. పరిగెత్తడానికి ఒళ్ళుంటే చాలు. బిడ్డకు గడువు దాటిపోతోందని తెలిసి, బల్ల ముందు చేతులు కట్టుకుని, మంచు కరిగేదాకా నిలబడటానికి చాలా కావాలి. షావుకారు గారు ఒక్కో ప్యాకు చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు రాలేదని మొహం వేలాడేసి, మళ్ళీ పెట్టేవారు. చివరికి ఒకదాన్ని ఊపి, "వచ్చింది! వచ్చింది!" అని అరిస్తే వార్డులోంచి జనం బయటికొచ్చారు.

తిరిగి మా ఊరు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. ఆసుపత్రి గేటు ముందు ఆటో. ఆటోలో వెనక పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆ అమ్మాయి. అత్తగారు చాప, ప్లాస్కు లోపల సర్దుతోంది. సూపర్‌వైజరు గారు ఆటో హ్యాండిలు పట్టుకుని, "రూలమ్మా, టీకా వెయ్యాలనేది రూలు" అంటున్నారు.

"ఎక్కడికండీ?" అన్నాను దిగుతూనే.

"ఇంటికి. ఇంకెక్కడికి?" అంది అత్తగారు.

"టీకా తెచ్చాను. ఒక్క నిమిషం."

"వద్దులేమ్మా."

"అదేంటండీ, దానికోసమే కదా ఇంత దూరం వెళ్ళొచ్చింది!"

"నువ్వే కదమ్మా పొద్దున పనికిరాదన్నావు? బల్ల మీద పెట్టి నా కళ్ళతో చూపించావు, తెల్లగా మడ్డి. అలాంటిది పురిటి పిల్లకు పొడుస్తారా? పదకొండో రోజున పురుడు కడిగాక, మంచి చెడ్డ చూసుకుని అప్పుడు చూద్దాంలే."

అబద్ధమాడి ఆ పాడు సీసాలోది పొడిచి ఉంటే ఆవిడ ఏమీ అనేది కాదు. నిజం చెప్పినందుకు మంచి సీసాను కూడా వద్దంటోంది.

"అవి చెడిపోయినవి కాబట్టే పారబోయించాను. ఇది మంచిది. కావాలంటే చూడండి."

"ఇవాళ మంచిదంటావు, రేపు వచ్చి మడ్డి దిగిందంటావు."

"పెద్దమ్మా, ఈమె చెప్పింది నిజం" అన్నారు షావుకారు గారు. "చెడగొట్టింది నేను. మందు తప్పేం లేదు."

"నువ్వు గుజ్జు సంగతి చూసుకో నాయనా" అంది ఆవిడ. ఆ పైన నావైపు తిరిగింది. కళ్ళు చిన్నవి చేసింది. "అయినా నర్సమ్మా, ఊళ్ళో ఎంతమంది పిల్లలు పుట్టలేదు? ఎవరికోసమన్నా ఇలా రోడ్లు పట్టి తిరిగావా? ఏంటి నీ తొందర? మా పిల్లకేమన్నా అయిందా?"

అదీ అసలు ప్రశ్న. దానికి జవాబు నా నాలుక చివర ఉంది. చెప్తే టీకా పడుతుంది. చెప్తే మాట తప్పుతాను, ఆ అమ్మాయి ఇంట్లో కంచం వేరవుతుంది. చెప్పకపోతే ఆటో కదులుతుంది. ప్రతి బిడ్డకూ వేస్తామండీ అన్నాను. అది నిజమే. నిజమే అయినా, దానికి ఆటోను ఆపే బలం లేదు. సూపర్‌వైజరు గారు మళ్ళీ "రూలు" అన్నారు. ఆ క్షణాన ఆయన్ని నేను ఏం చేసినా నన్ను తప్పుపట్టేవాళ్ళు ఉండరనిపించింది.

"పోనియ్ బాబూ" అంది అత్తగారు డ్రైవరుతో.

"ఆగండి" అంది ఆ అమ్మాయి.

తక్కువ గొంతుతోనే అంది. డ్రైవరు ఆగాడు.

"అత్తా, నాకు ఆ జబ్బుంది. కామెర్ల వైరస్సు. నాకు నెలలు నిండకముందే తెలుసు. కాన్పులో పిల్లకు అంటుకుంటుంది. ఇవాళ టీకా పడకపోతే జన్మంతా ఉంటుంది. అందుకే ఆవిడ పరిగెత్తింది."

షావుకారు గారు మొహం పక్కకు తిప్పుకుని, స్కూటీ అద్దం తుడవడం మొదలుపెట్టారు. సూపర్‌వైజరు గారు ఆటో హ్యాండిలు వదిలేశారు.

"మావాడికి తెలుసా?" అంది అత్తగారు.

"తెలుసు. ఆయనకు లేదు."

"నాకెందుకు చెప్పలేదే? నేనేమన్నా పులినా?"

"పులి కాదత్తా. కంచం వేరు పెడతావని."

అత్తగారు ఒక చెయ్యి ఆటో కమ్మీ మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడింది. నేను ఏదో చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఆ పైన ఆటోలోకి వంగి, పిల్ల కాళ్ళ మీది పాత చీర గుడ్డ తొలగించి, ఆ తొడను తన రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకుంది.

"పొడువు" అంది.

పొడిచాను. పిల్ల ఏడ్చింది. అంత ముచ్చటైన ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

ఆ తర్వాత ఆవిడ నన్ను వదలలేదు. పూర్తిగా, విసుగెత్తేలాగ వదలలేదు. కంచానికి అంటదా? అంటదు. గ్లాసుకి? అంటదు. పాలివ్వచ్చా? ఇవ్వచ్చు. దువ్వెనకి? దువ్వెన, బ్లేడు, టూత్‌బ్రష్ ఎవరివి వాళ్ళకు ఉంచండి. ముద్దు పెట్టుకోవచ్చా? పెట్టుకోండి. "ఈ మాటలన్నీ ముందు చెప్పి చావొచ్చు కదమ్మా" అంది చివరికి. ఎవరి వల్ల చెప్పలేదో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. సరేనండీ అన్నాను.

మర్నాడు రోడ్డు తెరవగానే పిల్లను విజయవాడ పంపించాం. అక్కడ మాత్రమే దొరికే ఆ రెండో ఇంజక్షను కూడా పడింది. మొదటి రోజునే పడితే ఇంకా బాగుండేదని అక్కడి డాక్టరు అన్నారట. టీకా సమయానికి పడటం మేలైందని కూడా అన్నారట. ఆ తర్వాతి డోసులకు అత్తగారే పిల్లను ఎత్తుకుని వచ్చేది, మిగతా తల్లులందరికంటే ముందు, మిగతా తల్లులందరితో తగువు పెట్టుకుని.

ఏడాది దాటాక పిల్లకు రక్త పరీక్ష చేయించాం. ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు గారు చూసి, పిల్లకు వైరస్ లేదు, కాపాడే శక్తి మాత్రం వచ్చింది అన్నారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల డాక్టరు గారి స్టెతస్కోపు లాగుతోంది.

ఆ అమ్మాయి నావైపు తిరిగి, "మరి నాకండీ?" అని అడిగింది.

టీకా వచ్చేవాణ్ణి ఆపుతుంది గానీ, లోపలున్నవాణ్ణి బయటికి పంపదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "నీకు ఉందమ్మా. పోతుందని చెప్పలేను. పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి, అవసరమైతే మందులున్నాయి."

తల ఊపింది. పిల్లను అత్త చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది.

"ఉంటే ఉండనీండి. నా దగ్గరే ఆగిపోయింది కదా."